తిరుగు అన్న చోట

వాన పట్టిందంటే నా బల్ల కింద పరిచిన తివాచీ ముక్క వాసన వేస్తుంది. తడి ఉన్ని వాసన. ఎండ రాగానే డాబా మీద ఆరేస్తాను గానీ, ఎంత ఆరేసినా తరవాతి వానకి మళ్లీ హాజరు. తాడేపల్లిగూడెంలో మా పుట్టింటి పై గదిలో కూర్చుని, ఎక్కడో ఉన్న కంపెనీకి ప్రోగ్రాములు రాసే ఉద్యోగం నాది. కింద నాన్నగారి ఉల్లిపాయల గోదాం. ఆ ఘాటును దాటుకుని మరీ ఉన్ని వాసన ముక్కుకి తగిలినప్పుడు నా చేతులు కీబోర్డు మీద ఆగిపోతాయి. పక్క గదిలోంచి "సుధా, తిరిగిందా?" అని ఎవరో అడగబోతున్నట్టు ఉంటుంది. అలా అడిగే మనిషి హమీదా మేడం. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇది చదివేవాళ్లెవరూ ఆవిడని చూసి ఉండరు. చూసి ఉంటే నేను చెప్పేది నమ్మడం కాస్త తేలికయ్యేది.

మేడం ఏలూరులో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఆ తరవాత తంగెళ్లమూడి వైపు సందులో ఉన్న తమ ఇంటి ముందుగదిలోనే చిన్న ఆఫీసు తెరిచారు. కొల్లేటి చుట్టూ చేపల చెరువులున్నవాళ్లు నీటి పరీక్షలు, మేత లెక్కలు, తూకాలు తెచ్చి ఇస్తే, ఏ చెరువు ఏ చెరువులా నడుస్తోందో తేల్చి చెప్పడం మా పని. డిగ్రీ అయిన వెంటనే నేను అక్కడ చేరాను. రోజూ ప్యాసింజర్ బండిలో భీమడోలు మీదుగా ఏలూరు వెళ్లి రావడం. మేడం సన్నగా, నిటారుగా ఉండేవారు. మెచ్చుకోవడం బొత్తిగా చేతకాదు. పని బాగా చేస్తే "సరే" అనేవారు, బాగా లేకపోతే టీ ఇప్పించి కూర్చోబెట్టేవారు. మొదటి నెలల్లో నేను తాగినన్ని టీలు మా ఇంటిల్లిపాదీ కలిసి తాగి ఉండరు.

మా పనంతా ఒక పట్టిక చుట్టూ తిరిగేది. మొదటి చెరువుకి రెండో చెరువుతో ఎంత పోలికో, రెండోదానికి మొదటిదానితోనూ అంతే. కాబట్టి పట్టికలో సగమే లెక్కగట్టి, ఆ అంకెలన్నిటినీ ఒకే వరసగా దాచేవాళ్లం. దాన్ని వెక్టర్ అంటారు. కావలసినప్పుడు ఆ వరసని మెట్లు మెట్లుగా పేర్చితే పట్టికలో కిందివైపు త్రిభుజం నిండుతుంది. దాన్ని ఏటవాలు గీతకి అటువైపు తిప్పితే పైత్రిభుజం వస్తుంది. ఆ గీతే డయాగొనల్, చెరువు తనతో తాను కలిసే చోటు. మొదటిసారి నేను కింది సగాన్నీ, తిప్పిన సగాన్నీ కలిపేసి గర్వంగా చూపించాను. మేడం కళ్లజోడు సర్దుకున్నారు.

"ఈ చెరువు తనకి తానే రెండింతలు పోలి ఉందేవిటి సుధా?"

గీత మీద అంకెలు రెండు సగాల్లోనూ ఉన్నాయి. కలిపేసరికి రెట్టింపయ్యాయి. టీ వచ్చింది. "డయాగొనల్‌ని ఎప్పుడూ విడిగా నింపు. అది అటు సొత్తూ కాదు, ఇటు సొత్తూ కాదు" అన్నారు మేడం. సగాన్ని అద్దంలోలా తిప్పడాన్ని అందరూ ట్రాన్స్‌పోజ్ అంటే ఆవిడ మాత్రం "తిరుగు" అనేవారు. ప్రోగ్రాం పూర్తయిందా అని అడగడానికి కూడా "తిరిగిందా?" అనే. ఎందుకండీ ఆ మాట అంటే, మా ఇంటి మాటలే అని ఊరుకున్నారు.

ఆ ఇల్లు ఒకప్పుడు తివాచీలు నేసిన ఇల్లు. వెనకగదిలో మగ్గం ఉండేదట. మగ్గం ఎప్పుడో తీసేశారు గానీ, దూలానికి కొక్కేలు అలాగే ఉన్నాయి. ఎంత కడిగినా గోడలకి ఉన్ని వాసన పోలేదు. ఆ గదిలోనే మేడం వాళ్లమ్మగారు జైనబ్‌బీ గారి మంచం. పక్షవాతం వచ్చి ఆవిడకి మాట పడిపోయి చాలా ఏళ్లయింది. నేను చేరేనాటికే ఆవిడ నోట మాట విన్నవాళ్లు లేరు. కళ్లు మాత్రం తిరుగుతూ ఉండేవి. మంచినీళ్లకోసం ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా నేను ఆ కొక్కేల కింద నుంచి తల వంచుకుని నడిచేదాన్ని. అవి నా తలకి తగిలే ఎత్తులో లేవు, అయినా సరే.

ఒక వానాకాలం మధ్యాహ్నం, మేడమూ నేనూ అన్నం తింటున్నాం. వెనకగదిలోంచి ఒక ఆడగొంతు స్పష్టంగా "తిరుగు" అంది.

మేడం చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇద్దరం పరుగెత్తాం. పెద్దావిడ గోడకేసి చూస్తూ పడుకుని ఉన్నారు. ఎన్ని పలకరించినా ఇంకో మాట లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టమంటున్నారేమో అనుకుని తిప్పాం. కాదన్నట్టు మళ్లీ గోడకేసే చూశారు. మర్నాడు సరిగ్గా ఆ వేళకే "ఎరుపు, తిరుగు" అన్నారు. ఆ మర్నాడు "ఎరుపు, తెలుపు, తిరుగు." ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. ఈ మాటలు తెలుగులో వస్తున్నాయి, ఎవరినో పిలుస్తున్న గొంతుతో వస్తున్నాయి. పిలిచాక ఆవిడ చెవి రిక్కించి ఎదురుచూసేవారు. ఆ ఎదురుచూపు చూడలేక నేను ముందుగదిలోకి వచ్చేసేదాన్ని. నాకు భయం ఎక్కువ, దాచుకోను.

రోజుకొక వరస. ప్రతి వరసా క్రితం రోజుదాని కన్నా ఒక్క రంగు పొడుగు. అన్నిటికీ చివర "తిరుగు." భయమేసినా వింతగా ఉందిలే అని ఊరుకోవచ్చు గానీ, ఆ ఎదురుచూపు మొదలయ్యాక ఆవిడ జావ మింగడం మానేశారు. చెంచా పెదవికి ఆనిస్తే నోరు బిగించి, చెవి గోడకి పెట్టేవారు. అలసి నిద్రపోయేముందు రెండు చెంచాలు దిగితే అదే గొప్ప. వరస పెరుగుతున్న కొద్దీ ఊపిరి చాలక మధ్యలో ఆగి, రొప్పి, మళ్లీ అందుకునేవారు. డాక్టరు చూసి, గొంతులో ఏ అడ్డూ లేదు, తినడం లేదంతే అన్నారు. మేడం ముఖంలో మొదటిసారి బెదురు చూశాను. "ఈ లెక్కన వరస గెలుస్తుంది సుధా, అమ్మీ ఓడిపోతుంది" అన్నారు.

ఆ సాయంత్రమే మేడం తన ఇంటి మాట సంగతి చెప్పారు. తివాచీ అంచు నాలుగు మూలల దగ్గర మలుపు తిరగాలి. కింద అడ్డంగా వచ్చిన తీగ, మూలలో పైకి మళ్లాలి. నేతలో అన్నిటికన్నా కష్టమైన చోటు అది. మగ్గం ఎక్కేముందు ఆ మూలని ఇద్దరు మనుషులు నోటికి పట్టేవాళ్లు. ఒకరు అడుగువరస రంగులు చెప్పుకుంటూ మూలగీత దాకా వచ్చి "తిరుగు" అంటారు. రెండోవారు అక్కణ్నించి అందుకుని అవే రంగులు వెనకనుంచి చెప్పుకుంటూ పైకి వెళతారు. మగ్గం దగ్గర ఉర్దూ రాని ఇళ్ల ఆడవాళ్లు కూడా ఉండేవాళ్లు కాబట్టి ఆ పిలుపు తెలుగులోనే.

"అంటే ఇది త్రిభుజం అండీ" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మొదటి రోజు ఒక్క మాట, రెండో రోజు రెండు... రోజూ మెట్టు దిగుతున్నారు."

"దానికి అటుపక్క సగం కావాలి" అన్నారు మేడం.

ఆ రోజునుంచి పెద్దావిడ చెప్పిన రంగులకి అంకెలిచ్చి వెక్టర్‌లో వేస్తూ వచ్చాం. మేడం తన పాత ప్రోగ్రాంతోనే తిప్పి, అంకెల బదులు రంగులు తెర మీదికి తెప్పించారు. తీగ రాలేదు. గింజలు ఒలకబోసినట్టు రంగులు చెల్లాచెదురుగా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే మాత్రం అటూ ఇటూ పొందిగ్గానే ఉన్నట్టుంది. మనిషి ముఖంలో ఒక కన్ను కాస్త జారినట్టు, ఎక్కడ తప్పో చెప్పలేం గానీ చూడబుద్ధి కాదు. మేడం ల్యాప్‌టాప్ తీసుకెళ్లి తల్లి ముందు పెట్టారు. పెద్దావిడ ఒక్కసారి చూసి కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆ రోజు రెండు చెంచాలు కూడా దిగలేదు.

తప్పు రంగుల్లో లేదు. మేడం వాడే ఆ ప్రోగ్రాం భాషకి ఒక అలవాటుంది. వరసనిస్తే అడ్డంగా కాదు, నిలువుగా నింపుకుపోతుంది. చెరువుల పనిలో మేం అంకెల్ని మొదటినుంచీ నిలువుగానే దాచాం కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. పెద్దావిడ అడ్డంగా చెబుతుంటే అది నిలువుగా వింటోంది. మేడం ముందు పైత్రిభుజాన్ని నిలువుగా నింపనిచ్చి, ఆ తరవాత మొత్తాన్ని తిప్పి నిలువు వరసల్ని అడ్డం చేశారు. అప్పుడు నీలం తీగ ఎర్రపూలతో మూల దాకా వచ్చి, సొగసుగా పైకి మళ్లింది. నడిమి ఏటవాలు గీత మాత్రం ఖాళీ. తీగ అక్కడ తెగి, ఒక గడి దాటి మళ్లీ మొదలవుతోంది. వెక్టర్‌లో వరసకొక రంగు తక్కువ. తిరుగు అన్న చోట పెద్దావిడ ఏ రంగూ చెప్పడం లేదు.

మర్నాడు మేడం తెర చూసుకుంటూ తల్లి చెవిలో వరసని వెనక్కి చదివారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెద్దావిడ సగం దాకా విని, కళ్ల నీళ్లు పెట్టుకుని, కాదు కాదని తల ఆడించారు. మేడం బయటికొచ్చి అరుగు మీద కూర్చుండిపోయారు.

"మొదటి మాట ఏదో ఉంది. అది అమ్మీ చెప్పేది కాదు, అవతలివాళ్లు చెప్పేది. అది లేకపోతే ఇదంతా వట్టి చదువు."

అవతలి మనిషి పేరు మేడంకి చిన్నప్పుడు విన్న గుర్తు. నాగరత్నం. పెద్దావిడతోపాటే మగ్గం మీద కూర్చునేదట. పెళ్లి చేసుకుని కొల్లేటికోట వెళ్లిపోయింది. ఆ తరవాత ఈ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

వాన కాస్త తెరిపిచ్చిన రోజు కైకలూరు దాకా బస్సులోనూ, అక్కణ్నించి ఆటోలోనూ వెళ్లాం. రోడ్డుకి రెండువైపులా నీళ్లే. గుర్రపుడెక్క గట్టుదాకా కమ్ముకుంది. మంచుపట్టినట్టు తెల్లగా ఉన్న ఆకాశం ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో తెలియలేదు. కొంగ ఎగిరితే దాని కింద ఇంకో కొంగ తలకిందులుగా ఎగిరింది. నేను ఆటోలో మేడం వైపు జరిగి కూర్చున్నాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచారు.

నాగరత్నం గారి ఇల్లు అడిగితే ఊళ్లో వెంటనే చూపించారు. గుమ్మంలో ఆవిడ కోడలు దుర్గ చేపలు కడుగుతోంది. మేం ఏలూరునుంచి అనగానే చెయ్యి తుడుచుకుని లేచింది.

"రండండీ, కూచోండి. మా అత్తగారు లేరండీ. ఈ వానలు మొదలైన కొత్తల్లోనే పోయారు."

మేడం గుమ్మం పక్కన కూర్చున్నారు. తరవాత నెమ్మదిగా, ఏ రోజని అడిగారు. దుర్గ చెప్పింది. మా వెనకగదిలోంచి మొదటి "తిరుగు" వినబడింది ఆ మర్నాడే. ఈ కబురు ఏలూరులో ఎవరికీ తెలియదు. తెలియజెప్పేవాళ్లు కూడా ఎవరూ లేరు.

"ఆవిడ మధ్యాహ్నం పూట ఏమైనా చెబుతూ ఉండేవారా అమ్మా? రంగులు?" అన్నారు మేడం.

దుర్గ చేటలోని చేపలకేసి చూసింది. "మీకెలా తెలుసండీ? నేను కాపరానికొచ్చిన కాణ్నించీ ఇంటున్నానండీ. అన్నాలయ్యాక ఆ మంచం మీద కూచుని మొదలెట్టేవోరు. పిల్లలు జడుసుకునేవోళ్లండీ. ఎవరితో మాటాడతన్నావత్తా అంటే, పిలిచింది కదే, పలకొద్దా అనేవోరు. మాకేం పిలుపు ఇనపడేది కాదండీ."

"ఎలా పలికేవారు?"

"ముందు ఉన్నా అనేవోరండీ. ఆనక రంగులు."

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. మా పట్టిక ఇరవై వరసలు దాటి ఉంది. మేడం ఒక వరస ఎంచుకుని, అందులో చివరి రెండు రంగులు మాత్రం పైకి అన్నారు. దుర్గ కళ్లు మూసుకుని, "ఉన్నా" అని అందుకుని, రోజూ విన్న పాటలా చెప్పుకుపోయింది. నా వేలు తెర మీద మూలగీత దగ్గర మొదలై నిలువుగా పైకి పాకింది. ఆమె చెప్పే ప్రతి రంగూ నా వేలి కింద ఉంది. ఒక్కటి కూడా తప్పలేదు. ఇంకో వరస, ఇంకోటి. ఆ గడులు మేం కొలిచినవి కావు, విన్నవి కావు, ప్రోగ్రాం తిప్పి నింపినవి. వాటిని ఒక పోయిన మనిషి ఈ మంచం మీద ఏళ్ల తరబడి చెబుతూ ఉండేదని తలుచుకుని నేను తెర మీది వేలు తీసేశాను. పెద్దావిడ ఇంకా చెప్పని వరసలు కూడా దుర్గకి వచ్చు. ఆఖరి వరస ఎంత పొడుగో కూడా తెలిసింది. అది అయ్యాక మళ్లీ మొదటికొచ్చేవారట.

"ఉన్నా అన్న చోట ఏ రంగు ముడి వేస్తారమ్మా?" అని అడిగారు మేడం.

"నేనూ అడిగానండీ ఓసారి. అది పిలిచినోళ్లు చెప్పేది కాదు, పలికినోళ్లిష్టం అన్నారు."

దుర్గ సాయం చేస్తానంది. గిన్నెలు తోముకున్నాక రోజూ ఫోను చేస్తానని నంబరు తీసుకుంది. మర్నాడు మధ్యాహ్నం ఫోను పెద్దావిడ దిండు మీద పెట్టాం. ఆవిడ వరస చెప్పి, "తిరుగు" అని చెవి రిక్కించారు. ఫోనులోంచి "ఉన్నా" అని వచ్చింది. పెద్దావిడ ముఖం వదులైంది. ఆ రంగులు పైకి ఎక్కుతున్నంత సేపూ ఆవిడ పడిపోయిన చేతి వేళ్లు దుప్పటి మీద ముడులు వేస్తున్నట్టు కదిలాయి. తరవాత గిన్నెడు జావ తాగారు. మేడం ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లి ఏడ్చారు. నేను వినబడనట్టు ముందుగదిలో కీబోర్డు గట్టిగా నొక్కుతూ కూర్చున్నాను.

అలా ఆఖరి వరస రోజు వచ్చింది. వాన జోరుగా ఉంది. పెద్దావిడ ఆగి ఆగి, రొప్పుతూ వరసంతా చెప్పారు. "తిరుగు." ఫోనులో నిశ్శబ్దం. లైను ఉంది, అవతల వాన చప్పుడు కూడా వినబడుతోంది. దుర్గ పలకడం లేదు. మేడం కంగారుగా తెరకేసి వంగి మొదటి రంగు వెతుక్కుంటున్నారు.

"ఉన్నా" అన్నారు పెద్దావిడ.

ఆ నోటినుంచే వచ్చింది, నేను చూస్తూనే ఉన్నాను. గొంతు మాత్రం వేరు. కాస్త బొంగురు, కాస్త నవ్వు. ఎక్కడా ఆగకుండా, రొప్పకుండా, వరస మొత్తం వెనకనుంచి ముందుకి చెప్పి ఊరుకున్నారు. నేను మంచం కోడు గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు ఫోనులోంచి దుర్గ సన్నగా అంది.

"ఏమీ అనుకోకండీ. నేను నోరు తెరిచేలోపే... అది మా అత్తగారి గొంతేనండీ."

మర్నాటినుంచి పెద్దావిడ మళ్లీ మౌనం. కానీ తినేవారు, నిద్రపోయేవారు. ఆ చలికాలంలో నిద్రలోనే వెళ్లిపోయారు. మేడం ఆ మూల ఒక్కటీ చిన్న ముక్కగా నేయించారు. నేసేవాళ్లు నడి గీతకి ఏ రంగని అడిగితే, వేసేవాళ్లిష్టం అన్నారు. అందుకే ఆవిడ నాకిచ్చిన ఈ బల్ల కింది ముక్కలో ఆ గీత మీద ఏ ముడీ పక్కదానిలా ఉండదు. అదేదో తప్పు నేతనుకుని మా బంధువులు జాలిపడుతుంటారు.

మేడం దీని గురించి ఒక్కసారే మాట్లాడారు. ఇదంతా ఏవిటండీ అని నేను గట్టిగా అడిగితే, "నాకు తెలీదు సుధా. తెలీని గడిలో సున్నా వేయకూడదు, ఖాళీగా ఉంచాలి" అన్నారు. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో ఇదే ఎక్కువసార్లు అక్కరకొచ్చింది.

నిరుడు మేడం ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్లాను. మగతలో ఉన్నారు. నన్ను గుర్తుపట్టారో లేదో తెలియలేదు. మధ్యాహ్నం అన్నాల వేళకి వరండా అంతా సద్దుమణిగింది. ఆవిడ గోడకేసి చూస్తూ, స్పష్టంగా, "తిరుగు" అన్నారు.

నాకు భయం వేయలేదు. దగ్గరికి వంగి "ఉన్నా" అన్నాను. ఆవిడ పెదవులు కదిలాయి. "సరే" అన్నట్టే అనిపించింది. నేను ఇంకేమైనా చెప్పాలా అని వెతుక్కుని, అప్పుడు గ్రహించాను. అది మొదటి వరస. అందులో తిరిగి చెప్పడానికి రంగులేవీ ఉండవు, ఆ ఒక్క మాట తప్ప. తెల్లారకముందే మేడం వెళ్లిపోయారు.

ఇప్పటికీ పట్టిక తిప్పిన ప్రతిసారీ డయాగొనల్‌ని విడిగా నింపుతాను. నింపుతూ "ఉన్నా" అని పైకి అంటాను. కింద గోదాంలో నాన్నగారు ఎవరో పిలిచారనుకుని "ఎవరూ?" అంటారు. ఎవరూ లేరని చెబుతాను. వానరోజు మధ్యాహ్నం ఉన్ని వాసన వేసినప్పుడు మాత్రం పని ఆపి కాసేపు ఊరికే కూర్చుంటాను. రెండో వరస ఇంకా రావలసి ఉంది. అందులో ఒక్క రంగే ఉంటుంది.